ఏడో తెప్పలో మౌనమాసం

రోజు 1

తెప్పల సభ నియమం ప్రకారం ఈ పుస్తకం రాయాల్సింది ఇంట్లో ఓటు లేని మనిషి. మా ఇంట్లో అలాంటివాళ్లం ఇద్దరం, నేనూ, మావయ్య భార్య మహలక్ష్మి అత్తా. అత్తకి నీళ్ల తొట్ల దగ్గర తల ఎత్తే తీరిక ఉండదు. నాకు పదహారేళ్లు. బడి రేడియోలో వినబడిన ప్రతి కొత్త మాటా రాసిపెట్టుకునే పిచ్చి ఉంది. అందుకని పుస్తకం నా చేతికొచ్చింది. నా పేరు నీలవేణి. చూసింది చూసినట్టే రాస్తానని సభ పరిశీలకుడు తవిటయ్య గారి ముందు ప్రమాణం చేశాను.

మా సూరాడ వారి ఇల్లు నాలుగు తరాలుగా, సముద్రం మీద తేలే ఈ ఏడో తెప్పకి నీళ్లిస్తోంది. నాలుగు వేల మంది తాగే నీళ్లు. ఇలాంటి ఇంటికి పాతికేళ్లకోసారి మౌనమాసం తప్పదు. ఇంటి పెద్ద ముప్పై రోజులు నోరు విప్పకూడదు. పెద్ద మాట లేకుండా పని సాగితే నీటి హక్కు మరో పాతికేళ్లు మాది. సాగకపోతే తొట్లు సభ తీసుకుని రెండో తెప్ప కంపెనీకి ఇచ్చేస్తుంది.

పెద్ద అంటే మా అమ్మమ్మ, పోలమ్మ. తవిటయ్య గారు ఆమె మెడలో చింతగింజంత చెవిపెట్టె కట్టారు.

"నిద్దట్లో పలవరించినా ఇది పట్టేస్తుందమ్మా. జాగ్రత్త," అన్నారు.

"మా అమ్మ ముప్పై రోజులు మాటాడకుండా ఉంతాదంటే, సముద్రం ముప్పై రోజులు కెరటం నేకుండా ఉంతాది బాబూ," అన్నాడు గురువులు మావయ్య.

మా అమ్మ పకపకా నవ్వింది. అమ్మమ్మ కొడుకు వైపు ఒక చూపు చూసింది. మౌనం అప్పటికే మొదలైపోయింది కాబట్టి బతికిపోయాడు.

రోజు 2

పొద్దున్నే చేపగంజి కాచి తొట్లలో పోశాం. అరవై చట్రాల మీద, ఉప్పునీరు వడకట్టే అరవై పొరలు పెరుగుతున్నాయి. వాటి వయసు ఈరోజుకి పదమూడు రోజులు. ఇప్పుడు మీగడలా పసుపుపచ్చగా ఉన్నాయి. నలభై రోజులకి ముదిరి, చింతాకు రంగుకి వస్తాయి. అప్పుడు ఎత్తి వడకట్టు బావుల్లో బిగిస్తే, సముద్రపు నీరు ఒక పక్క పోస్తే తాగే నీరు రెండో పక్క దిగుతుంది. ఆరు నెలలు పనిచేస్తాయి. ఇప్పుడు బావుల్లో ఉన్న పాత పొరలు నెలాఖరుకి అరిగిపోతాయి.

అత్త ఒక్కో చట్రం పైకి తీసి పొరకి చెంప ఆనించి చూస్తుంది. పండుతున్న పొర చల్లగా ఉంటుందట. ఆకలిగా ఉన్న పొర గోరువెచ్చగా ఉంటుందట. నేనూ ఆనించి చూశాను. తడిగా ఉంది, అంతే.

"నీకు తెలవడానికి పదేళ్లు పడతాది గుంటా. ముందు మొహం కడుక్కో, గెడ్డం మీద గంజి అంటుకుంది," అంది.

అమ్మమ్మ తొట్ల చివర బల్ల మీద కూర్చుని చూస్తూ ఉంది. చేతిలో పాత నీళ్ల డబ్బా కోసి చేసుకున్న విసనకర్ర. చూడకూడదని నియమం లేదు. మాట్లాడకూడదంతే.

రోజు 5

మావయ్య తొట్ల మధ్య నిలబడి గాలిలోకి అడిగాడు: "ఇయ్యాల గంజి తగ్గిద్దామేటి?"

ఎవరూ ఏమీ అనలేదు. ఒక నిమిషం ఆగి, "తగ్గిద్దాం," అని తనే అన్నాడు. తగ్గించాం.

రోజు 8

మూడు రోజులుగా చూస్తున్నాను. ప్రమాణం చేశాను కాబట్టి రాస్తున్నాను.

మావయ్య ఏదైనా గాలిలోకి అడుగుతాడు. అమ్మమ్మ విసనకర్ర ఊగుతూ ఉంటే సరే అని. ఆగితే వద్దని. ఈరోజు "దచ్చినం గేటు తెరుద్దామా?" అన్నాడు. విసనకర్ర ఆగింది. తెరవలేదు. "చిన్న తొట్టి కడుగుదామా?" విసనకర్ర ఊగింది. కడిగాం.

అమ్మకి కూడా ఇది తెలుసు. ఆమె కూడా అటే చూస్తోంది. చెవిపెట్టెకి విసనకర్ర వినబడదు.

రోజు 9

అమ్మని అడిగేశాను. చట్రాలు తోముతూ చెప్పింది.

"కొత్తేటి కాదే. పాతికేళ్ల కిందట మా తాత పరీచ్చలో ఉన్నప్పుడు కర్రతో బల్ల కొట్టీవోడు. ఒక దెబ్బ అంటే ఔను, రెండంటే కాదు. నెగ్గీసినాడు. తెప్పంతా పండగ సేసింది."

"తరవాత?"

"ఏడాదికే పోయాడు. మీ అమ్మమ్మకి ఏటీ తెలీదు. కర్ర సెప్పింది సేసింది గానీ, కర్ర ఎందుకు కొట్టిందో ఎవులూ అడగనేదు. రెండేళ్లు ఉప్పునీళ్లు తాగినాం. ముప్పై ఇళ్లు తాళ్లు ఇప్పుకుని యేరే తెప్పలకి ఎల్లిపోనాయి."

ఇళ్లన్నీ తాళ్లతో కట్టి ఉంటాయి కాబట్టే దీన్ని తెప్ప అంటారు. తాడు విప్పుకోవడం కన్నా పెద్ద తిట్టు మా దగ్గర లేదు.

"మరి ఇప్పుడు అదే పని మనం చెయ్యడం ఏంటమ్మా?"

అమ్మ చాలాసేపు తోమింది. "హక్కు పోతే ఏటి సేత్తాం సెప్పు," అంది చివరికి.

రోజు 13

మావయ్యకి నా పుస్తకం దొరికింది. ఎనిమిదో రోజు పేజీ చదివాడు.

"ఇది సింపీ నీలా."

"చింపను మావయ్యా. పేజీలకి సభ ముద్ర ఉంది."

"పోనీ, గాలేత్తే ఇసురుకుంది అని రాయి. ఇసనకర్ర ఇసురుకోడానికే కదేటి?"

"అలా రాస్తే అబద్ధం అవుతుంది."

"సదువుకున్న గుంటతో సచ్చే సావొచ్చింది," అని నెత్తి కొట్టుకున్నాడు. కానీ పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. మావయ్య చెడ్డవాడు కాదు. భయస్తుడు. ఈ రెంటికీ ఎంత తేడా ఉందో రాయడానికి నా దగ్గర ఇంకా సరైన మాట లేదు.

రోజు 18

ఐదో తెప్ప నుంచి రేడియోలో కబురు. దక్షిణం నుంచి ఎర్రనీరు వస్తోందట. అది ఒక రకం నాచు. పెరిగే పొరకి తగిలితే పూటలో చంపేస్తుంది. సముద్రపు నీళ్లొచ్చే గేట్లు మూసుకుందామంటే పెరిగే పొరకి పారే నీరు కావాలి, రెండు రోజులు నిలవ నీళ్లలో ఉంచినా చస్తుంది. ఎత్తి బావిలో బిగించిన పొరకి ఆ బాధ లేదు. పెద్ద తొట్టి ముందే నింపి పెట్టుకుంటే, నిలవ నీరు వడకట్టుకోవచ్చు.

మా పొరల వయసు ఇంకా ఇరవై తొమ్మిది రోజులే. ఎర్రనీరు ఐదారు రోజుల్లో ఇక్కడికి వస్తుంది.

రోజు 19

ఈరోజు జరిగింది జాగ్రత్తగా రాస్తాను.

పొద్దున్న అందరం తొట్ల దగ్గర ఉన్నాం. మావయ్య గాలిలోకి అడగబోతూ ఉంటే అత్త ముందే మాట్లాడింది. కోడలిగా వచ్చిన ఇరవై రెండేళ్లలో తొట్ల దగ్గర నిర్ణయం గురించి అత్త నోరు విప్పడం ఎవరూ చూడలేదు.

"ఎత్తీయాల. రేపే. పలసగా ఉంతాయి, అయినా బతుకుతాయి."

విసనకర్ర ఆగిపోయింది.

మావయ్య అటు చూశాడు. ఇటు భార్య వైపు చూశాడు. "ఆగుదాం," అన్నాడు. "ఎర్రనీరు పక్కనుంచి పోవచ్చు. పొరలు ముదరనీ."

"పోకపోతే?" అంది అత్త.

"కట్టులో ఏటి రాసుందో నీకు తెలీదా? కోడళ్లు పని సేత్తారు, మాట సెప్పరు. నాలుగో మాట."

మా ముత్తాత తండ్రి రాసిన ఇంటి కట్టు పదిహేడు మాటలు. నాలుగోది అదే. అత్త చట్రం తొట్టిలోకి దించి వెళ్లిపోయింది.

అప్పుడు నేను ఈ పుస్తకం తెరిచి, ఎనిమిదో రోజు నుంచి ఈ నిమిషం దాకా, అమ్మమ్మ ఎదురుగానే పైకి చదివాను.  తర్వాత పాత చట్రం ఒకటి ఎత్తుకొచ్చి, ఆమె బల్లకీ తొట్లకీ మధ్య తెరలా నిలబెట్టాను.

అమ్మమ్మ బల్ల పక్కకి జరుపుకుంది. నేను చట్రం జరిపాను. మళ్లీ జరుపుకుంది. మళ్లీ జరిపాను.

"ఓలమ్మా, దీనికి పొగరెంతొచ్చీసిందో సూడండి!" అన్నాడు మావయ్య.

"నాకొచ్చింది పొగరే అయితే పుస్తకంలో అదీ రాస్తాను మావయ్యా. ఈ పరీక్ష సభ కోసం అనుకుంటున్నారు మీరు. అమ్మమ్మ లేని రోజు కోసం అనుకుంటున్నాను నేను."

 అమ్మమ్మ ముఖం నల్లబడింది. ఆమె నన్ను పెంచింది. ఆ మాట అన్నందుకు నాకూ ఏడుపొచ్చింది, కానీ వెనక్కి తీసుకోలేదు.

రోజు 20

ఈరోజు అమ్మ, వాళ్లమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అమ్మా, నువ్వు మూడో తెప్పకి పిన్నమ్మింటికి ఎల్లు. పదో రోజుకి పడవంపుతాను. నువ్విక్కడుంటే మా కళ్లు నీ సేతి మీంచి కదలవు."

అమ్మమ్మ నోరు తెరిచింది. మెడలో చెవిపెట్టె మీద చెయ్యి పడింది. నోరు మూసుకుంది. మూట తనే సర్దుకుంది. పడవ ఎక్కేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

రోజు 21

అమ్మమ్మ లేదు. బల్ల ఖాళీ.

అమ్మ ఎత్తుదామంది. మావయ్య వద్దన్నాడు. ఓటున్నవాళ్లు ఇద్దరే, చెరో వైపు. కట్టు ప్రకారం సమానమైతే ఉన్నది ఉన్నట్టే ఉండాలి. ఉన్నది ఉన్నట్టే ఉంటే పొరలు చస్తాయి. పాత పొరలు నెలాఖరుకి అరిగిపోతాయి. నాలుగు వేల మంది.

మావయ్య ఖాళీ బల్ల వైపే చూస్తున్నాడు. "అమ్మే ఉంతే... అమ్మకి ముక్కుతోనే తెలిసిపోద్ది," అంటున్నాడు పదే పదే.

"మీ అమ్మకి ముక్కు పోయి ఆరేళ్లయింది," అంది అత్త.

మావయ్య తిరిగాడు. "ఏటన్నావు?"

"ఎర్రజొరం ఒచ్చినేడు పోయింది. కూర మాడినా తెలవదు. నాకు సెప్పింది, ఎవులికీ సెప్పొద్దంది. సెప్పనేదు. ఆవిడ ఇసనకర్ర ఆపే ముందు నా మొహం సూత్తాది."

మావయ్య నమ్మలేదు. "నీ గొప్ప కోసం మా అమ్మని..." అని కేకలేశాడు.

నాకు చప్పున పుస్తకం గుర్తొచ్చింది. చూసింది చూసినట్టు రాయడంలో ఒక లాభం ఏమిటంటే, రాస్తున్నప్పుడు అర్థం కానిది కూడా అందులో ఉండిపోతుంది. పేజీల అంచుల్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారో రోజూ చిన్న బొమ్మ గీసి, ఎవరేం చేశారో పక్కన రెండు ముక్కలు రాసుకున్నాను. అవి తెరిచి మావయ్యకి చూపించాను. గంజి తగ్గించిన రోజు: అత్త చట్రానికి చెంప ఆనించి తల ఊపింది, తర్వాత విసనకర్ర ఊగింది. దక్షిణం గేటు రోజు: అత్త పెదవి విరిచింది, తర్వాత ఆగింది. పద్నాలుగు సార్లు. పద్నాలుగు సార్లూ అత్త ముందు, విసనకర్ర తర్వాత.

"మరి పంతొమ్మిదో రోజు?" అన్నాడు మావయ్య. గొంతు తగ్గింది. "ఎత్తీయమని ఇది అంటే అమ్మ ఆపీసింది కదా?"

"ఆరోజు అత్త మొహంతో చెప్పలేదు. నోటితో చెప్పింది. అందుకే అమ్మమ్మ ఆపింది," అన్నాను.

మావయ్య తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. మేమంతా అమ్మమ్మ చేతిని చదువుతున్నాం. ఆమె అత్త మొహాన్ని చదువుతోంది. ఈ ఆరేళ్లూ నాలుగు వేల మందికి నీళ్లిచ్చింది ఓటు లేని ఒక చెంప.

అత్త ఏడవలేదు. "నాను నెత్తి మీద పెట్టుకోమన్నేదు. లెక్కలోకి తీసుకోమన్నాను," అంది.

మౌనమాసంలో పెద్ద ఇంట్లో లేనట్టే లెక్క. పెద్ద లేనప్పుడు ఓటున్నవాళ్లంతా ఒప్పుకుంటే కట్టు మార్చుకోవచ్చు. అది పదహారో మాట. అది ఎవరూ ఎప్పుడూ వాడలేదు. అమ్మ చెయ్యెత్తింది. మావయ్య చెయ్యెత్తడానికి పట్టిన సేపట్లో నేను రెండు చట్రాలు తోమేశాను.

ఎత్తాడు.

నాలుగో మాట కొట్టేశాం. కొత్తది నేనే రాశాను: "తొట్ల దగ్గర పదేళ్లు పనిచేసిన ప్రతి మనిషికీ మాట ఉంది." అందులో ఒక పెద్ద మాట ఇరికించాలని చూశాను, 'అనుల్లంఘనీయం' అని. అత్త పలకలేకపోయింది. తీసేశాను.

రెండు ఓట్లు ఎత్తుదామని. ఒకటి వద్దని. మావయ్య తన ఓటు మార్చుకోలేదు. "నాకు బయ్యంగానే ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయి," అన్నాడు. చట్రం మాత్రం అందరికన్నా ముందు తనే పట్టుకున్నాడు.

రోజు 23

రెండు రోజులు పట్టింది. పలచటి పొర ఎత్తడం అంటే కాగిన పాల మీది తొరక చినగకుండా తీసినట్టు. ఎనిమిది చినిగాయి. అందులో మూడు నా చేతిలో. మిగిలిన యాభై రెంటినీ ఒంటరిగా కాకుండా జతగా, ఒకదాని మీద ఒకటి వేసి బిగించమంది అత్త. అలా ఎవరూ ఎప్పుడూ చెయ్యలేదు. ఇరవై ఆరు బావులు అయ్యాయి. కావాల్సినవి అరవై.

పెద్ద తొట్టి అంచుదాకా నింపి, సాయంత్రానికి గేట్లన్నీ మూసేశాం.

రోజు 24

సముద్రం బీట్‌రూట్ ఉడికించిన నీళ్లలా ఉంది. చుట్టూ, కనుచూపు మేర.

రోజు 27

మనిషికి రోజుకి మూడు చెంబులు. మిగతా బావుల్లోని పాత పొరలు అరిగిపోతున్నాయి, జత పొరల్లోంచి నీరు నెమ్మదిగా దిగుతుంది. వరస మా గుమ్మం నుంచి వంతెన దాకా ఉంది. జనం ఊరుకుంటారా?

"పోలమ్మ ఉంతే ఇలాగయ్యేదేటి? కోడలి చేతిలో పెట్టీసి ఎక్కడికెల్లిపోయింది?" అంది నిన్న వరసలో ఒకామె.

"మూడో తెప్పకెల్లింది. నీ చెంబు ఇలా తే," అంది అత్త.

"తాగొచ్చేటి ఇవి?"

అత్త ఆ చెంబులోంచే గుక్కెడు తాగి, మళ్లీ నింపి ఇచ్చింది. "ఉప్పుంటే మొహాన కొట్టీ. నేకపోతే రేపు నోరు మూసుకుని రా."

ఈరోజు నోరు మూసుకుని కాదు గానీ, వచ్చింది. ఉప్పు లేదు.

ఐదో తెప్ప వాళ్లు ఆగి చూద్దామనుకున్నారట. వాళ్ల పొరలన్నీ పోయాయి. మమ్మల్ని నీళ్లు అడిగారు. మా మూడు చెంబులు రెండున్నర చేసుకుని పంపాలా వద్దా అని ఓటున్న ముగ్గురూ గంటసేపు కొట్లాడుకున్నారు. గాలిలోకి కాదు, ఒకళ్ల మొహం మీద ఒకళ్లు. పంపాం.

రోజు 30

పొద్దున్న అమ్మమ్మ పడవ దిగింది. వెనకే తవిటయ్య గారు వచ్చారు. ఆయన చెవిపెట్టె విప్పి, చిన్న యంత్రానికి తగిలించి ముప్పై రోజులూ గబగబా తిప్పి విన్నారు. దగ్గులు, తుమ్ములు, ఒక గురక. మాట లేదు.

"ఒక్క మాటా దొర్లలేదు. ఎర్రనీట్లో కూడా తెప్పకి నీళ్లందాయి. ఇంకేం కావాలి?" అని ముద్ర పెట్టె తెరిచారు. "పుస్తకం ఆనవాయితీకి ఇస్తే చాలు."

నేను పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. అమ్మమ్మ ముప్పై రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడింది.

"ఆ పుస్తకం ఇయ్యకు."

గొంతు బొంగురుపోయి ఉంది. అయినా అది అమ్మమ్మ గొంతే. నా చేతులు వాటంతట అవే ఆగాయి.

తవిటయ్య గారు మా మొహాలు చూసి, ముద్ర బల్ల మీద పెట్టేశారు. "అందులో ఏదైనా ఉంటే, చదివాక నేను చదవనట్టు ఉండలేను. తప్పు జరిగిందని తేలితే పరీక్ష మళ్లీ మొదటి నుంచి. ఈసారి అరవై రోజులు. పెద్ద వేరే తెప్పలో ఉండాలి. ఓడితే ఇంకో అవకాశం లేదు. తొట్లు కంపెనీకి వెళ్తాయి. చదవకపోతే ఇప్పుడే ముద్ర వేస్తాను. మీ ఇష్టం."

"ఏయండి ముద్ర," అంది అమ్మమ్మ. "నాలుగు తరాల ఇల్లు ఇది. పిల్ల రాసిన రాతకి పోగొట్టుకోడానికి కాదు. గురువులూ, దాని సేతిలోంచి లాక్కో."

మావయ్య ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత నా దగ్గరకొచ్చి పుస్తకం తీసుకున్నాడు.  దాన్ని తవిటయ్య గారి చేతిలో పెట్టాడు.

"సదవండి బాబూ. ఉన్నదంతా నిజమే. నా పిరికితనంతో సహా."

"ఒరే!" అంది అమ్మమ్మ.

"నీ మాట కాదనడం నాకిదే మొదలమ్మా. కోపం ఒత్తే కొట్టు. తాత కర్రతో నెగ్గినాడు, నువ్వు ఇసనకర్రతో నెగ్గుదామనుకున్నావు. నా వంతొచ్చేసరికి నాను దేనితో నెగ్గాల? నాకేటీ తెలవదు, తెలిసింది మాలచ్చిమికి. అది సెప్పుకోడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది. ఇంకో అరవై రోజులు పెద్ద లెక్కేటి?"

"ఓడిపోతే?"

"ఓడిపోతే మేం ఓడిపోతాం," అంది అమ్మ. "నెగ్గితే మేం నెగ్గుతాం. రెండూ నువ్వు సెయ్యనేవు."

తవిటయ్య గారు పుస్తకం మొత్తం నిలబడే చదివారు. పంతొమ్మిదో రోజు దగ్గర ఒకసారి నా వైపు చూశారు. చదివాక కొత్త కాగితం తీశారు: అరవై రోజుల పరీక్షకి ఒప్పుకోలు. కింద 'ఇంటి పెద్ద సంతకం' అని ఒకే ఒక్క గీత ఉంది.

"పెద్ద పరీక్షలో ఉంటుంది కాబట్టి ఆమె చెయ్యకూడదు. ఎవరు చేస్తారు?"

ఎవరూ ఒకళ్ల కేసి ఒకళ్లు చూసుకోలేదు. అమ్మ చేసింది. పక్కన మావయ్య. మిగిలిన బెత్తెడు జాగాలో అత్త, గంజి మరకల చేత్తో, ఒక్కో అక్షరం నొక్కి రాసింది. చివరి అక్షరం గీత దాటి కిందికి జారింది.

అమ్మమ్మ వంగి ఆ కాగితం చూసింది. 

"నా కోడలి సంతకం వంకర," అంది.

"వంకరైతే ఏటత్తా," అంది అత్త, కలం మూత పెడుతూ. "నాది."